మమతను నోట పలుకుట

మన కుటుంబములలో మమతకు కొదువ లేదు. కొదువయైనది దానిని నోట పలుకు అలవాటు. చదువు నిమిత్తము పట్టణమునకు పోవు కుమార్తె పెట్టెను తండ్రి భుజముపై పెట్టుకొని బస్సుస్టాండు వరకు మోయును. బస్సు కదలి మలుపు తిరుగు వరకు నిలుచుండును. ఒక్క మాటయైన ననక ఇంటికి మరలును. తల్లి ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఇచ్చి, "జాగ్రత్తమ్మా" అను ఒక్క పదముతో తన మనస్సునంతయు చెప్పితి ననుకొనును. పెరిగిన కుమార్తెకు ఈ మౌనభాష తెలియును. ఆ జాడీ ఏమి చెప్పుచున్నదో ఆమె గ్రహింపగలదు. కావున ఈ పద్ధతిని తప్పు పట్టవలసిన పని లేదు.

అయితే చేతలనుండి మమతను గ్రహింపలేనివారు కొందరు గలరు. పసిబిడ్డ గ్రహింపలేదు. పరీక్ష తప్పి సిగ్గుతో క్రుంగిన బాలుడు గ్రహింపలేడు. అతనికి తండ్రి మౌనము కోపముగనే తోచును. మనోవ్యాధితో బాధపడువారు, దూరదేశమున ఒంటరిగా నున్నవారు, మంచము పట్టిన వృద్ధులు, వీరెల్లరకు చేత ఒక్కటి చాలదు, మాటయు కావలెను. ఆ మాట ఎట్టిదో, ఎప్పుడు పలుకవలెనో, పలుకుటకు అడ్డు వచ్చున దేమో ఇందు వివరింపబడినది.

ఇది మర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ఆరోగ్య విషయము. 2010వ సంవత్సరమున అమెరికా పరిశోధకులు 148 అధ్యయనములను, వానిలో పాల్గొన్న మూడు లక్షలకు పైబడిన జనులను ఒక్కచోట చేర్చి పరిశీలించిరి. ఆప్తులతో గట్టి సంబంధములు గలవారు ఆ అధ్యయనముల కాలమున జీవించి యుండుటకు గల అవకాశము ఇతరులకంటె సుమారు 50 శాతము అధికమని తేలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సంఘము 2025 జూన్ నెలలో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచమున ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారు. ఒంటరితన మనగా ఇంటిలో మనుష్యులు లేకుండుట కాదు. నలుగురు మసలు ఇంటిలోనే, తాను ఎవరికిని అక్కరలేనివాడ నని తలచువాడును ఒంటరివాడే.

పసిబిడ్డ వినునది

గర్భస్థశిశువునకు ఏడవ మాసము నాటికి వినికిడి ఏర్పడును. తల్లి కంఠస్వరము ఆ చీకటిలోనే బిడ్డకు పరిచయమగును. 1980వ సంవత్సరమున అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, పుట్టి మూడు దినములైన నిండని శిశువుల నోటికి పాలపీక నిచ్చి, వారు చీకు తీరును బట్టి తల్లి కంఠమో పరస్త్రీ కంఠమో వినబడునట్లు అమర్చిరి. శిశువులు తమ తల్లి కంఠము వినబడు తీరుననే పీకను చీకసాగిరి. మాటకు అర్థము తెలియక పూర్వమే మాటలోని ఆత్మీయత బిడ్డకు తెలియు నన్నమాట.

ఆ ఆత్మీయత లోపించినచో ఏమగునో రెండవ ప్రపంచయుద్ధ కాలమున రెనె స్పిట్జ్ అను వైద్యుడు చూచెను. 1945లో అతడు ప్రకటించిన పరిశీలనలో రెండు స్థలములు గలవు. ఒకటి అనాథ శిశుశరణాలయము. అచట ఆహారము మంచిది, పరిశుభ్రతకు లోటు లేదు. కాని ఒక్కొక్క దాదికి పెక్కుమంది శిశువులు. బిడ్డను ఎత్తుకొని పలుకరించుటకు ఎవరికిని తీరిక లేదు. రెండవది కారాగారములోని శిశుగృహము. అచట శిక్ష ననుభవించుచున్న తల్లులే తమ బిడ్డలను పెంచుకొనుచుండిరి. శరణాలయపు బిడ్డలు కృశించిరి, మాటలు రాక వెనుకబడిరి, వారిలో మరణములును అధికమయ్యెను. చెరసాలలోని బిడ్డలు చక్కగా పెరిగిరి. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసి ఇచ్చిన గ్రంథము ఇట్టి సాక్ష్యముల నన్నిటిని సమకూర్చి, తల్లి ఆదరణ బిడ్డ మానసికారోగ్యమునకు విటమినుల వలె అవసరమని చాటెను. నేడు ఆ ఆదరణను తల్లియే కాక తండ్రి, అవ్వ, తాత, మరెవరైన స్థిరముగా ఈయగలరని వైద్యు లంగీకరింతురు.

మన ఇండ్లలో ఈ పనికి ఒక చక్కని వేళ ఉండెడిది. అమ్మమ్మయో నాయనమ్మయో కాళ్లు చాచి కూర్చుండి, కాళ్లపై బిడ్డను పరుండబెట్టుకొని, నూనె రాచి నలుగు పెట్టి లాలపోయుచు అంతసేపును మాటలాడుచునే యుండెడిది. "మా బంగారుకొండ ఎవరు? మా వరాలతల్లి ఎవరు?" అని ప్రశ్నించి, బిడ్డ 'ఊ' అనగానే తానే ప్రత్యుత్తర మిచ్చెడిది. చివరకు నీళ్లు దిగదుడిచి నిండు నూరేళ్లు బ్రతుకుమని దీవించెడిది. బిడ్డ పలుకగా పెద్దలు బదులు పలుకుట మెదడు పెరుగుదలకు తోడ్పడునని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి ప్రకటించిన శిశుపోషణ ప్రణాళిక చెప్పుచున్నది. అవ్వ ఎరిగి చేసినను ఎరుగక చేసినను చేసిన దదియే. అవ్వ లేని పట్టణపు ఇంటిలో, ఒక చేత సెల్‌ఫోను పట్టుకొని మరియొక చేత బిడ్డకు అన్నము పెట్టుట నేడు తరచుగా కానవచ్చును. ఆ పది నిమిషములు ఫోనును ప్రక్కన పెట్టినచో చాలును. ప్రత్యేకముగా ఏమియు నేర్చుకొనవలసినది లేదు.

మాట ఎందులకు ఆగిపోవును

బిడ్డకు ఏడెనిమిదేండ్లు వచ్చుసరికి, ముఖ్యముగా మగపిల్లల విషయమున, ఈ మాటలు సన్నగిల్లును. "బంగారుకొండ" పోయి "మార్కులెన్ని?" అను ప్రశ్న మిగులును. ఇందులకు కారణములు పెక్కు. ఉమ్మడి కుటుంబములలో తన తలిదండ్రుల ఎదుట తన బిడ్డను ఎత్తుకొని ముద్దాడుట మర్యాద కాదని యువకుడైన తండ్రి వెనుకంజ వేసెడివాడు. ఆ కుటుంబములు విడిపోయినను ఆ బిడియము విడిపోలేదు. చనువిచ్చినచో భయభక్తులు పోవునని కొందరి తలంపు. పొగడ్త ఆయుక్షీణమని మరికొందరి భయము. నలుగురిలో బిడ్డను మెచ్చుకొన్న దినమున సాయంకాలము ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి దిష్టి తీయని ఇల్లు అరుదు.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. పొగడ్త వేరు, మమత వేరు. పొగడ్త ఫలితమును చూచి పలుకునది. మమత మనిషిని చూచి పలుకునది. "మొదటి ర్యాంకు తెచ్చుకొన్నావు, శభాష్" అనుట పొగడ్త. "నువ్వు ఇంట్లో ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందిరా" అనుట మమత. మొదటి మాటనే ఎల్లప్పుడు వినుచు పెరిగిన బాలుడు, ర్యాంకు తప్పిన దినమున తనకు ఆ ఇంట చోటు తప్పినదని తలచును. రెండవ మాటను వినిన బాలునకు అట్టి భయ ముండదు. దానికి దిష్టి తగులుననిన పెద్దలును ఎవరును లేరు.

మరియొక ఆటంకము భాషను గూర్చినది. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అను వాక్యము తెలుగు చెవికి సినిమా మాటవలె వినబడును. తల్లితో, అన్నతో, చిన్ననాటి స్నేహితునితో ఆ మాట అనుటకు నాలుక తిరుగదు. తిరుగకున్నను నష్టము లేదు. మన భాషలో మమత అంతయు పిలుపులోనే ఇమిడి యున్నది. తండ్రి కుమార్తెను "అమ్మా" అనియు, కుమారుని "నాన్నా" అనియు పిలుచుచున్నాడు. తన్ను కన్నవారి పేరుతో తాను కన్నవారిని పిలుచుటకంటె చెప్పదగిన ప్రేమ ఏమి యుండును! తెలంగాణమున "బిడ్డా" అను ఒక్క పిలుపు కన్నకూతురికే కాక ఇరుగుపొరుగు పిల్లలకును, కష్టములో నున్న పెద్దలకును చెల్లును. పిలుపు తరువాత ఒక చిన్న నిజము చేర్చిన చాలును. "నిన్న నువ్వు లేకపోతే అన్నం సయించలేదమ్మా." "నీ ఫోను వస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటుంది వదినా." "ఆనాడు నువ్వు తోడు రాకపోతే నేను ఏమయ్యేవాడినో బావా."

ఇట్లనినచో ఎదుటివారు నవ్వుదురేమో, ఇబ్బంది పడుదురేమో అను శంక అందరికిని కలుగును. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అను పరిశోధకులు ఈ శంకను కొలిచి చూచిరి. తమకు మేలు చేసినవారికి కృతజ్ఞత తెలుపుచు ఉత్తరము వ్రాయుడని కొందరిని కోరి, చదువువారు ఏమనుకొందురో ముందుగా ఊహింపు మనిరి. చదివినవారు ఇబ్బంది పడుదురని వ్రాసినవారు అధికముగా ఊహించిరి. వారికి కలుగబోవు సంతోషమును తక్కువగా ఊహించిరి. వాక్యములు చక్కగా కుదిరినవా లేదా యని వ్రాసినవారు విచారపడగా, చదివినవారు అందలి ఆత్మీయతనే చూచిరి.

పరీక్షా ఫలితముల దినము

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడు దినములు తెలుగునాట పెక్కు కుటుంబములకు గండమువంటివి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్యచే మరణించిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. ప్రతి మరణమునకును కారణములు పెక్కు చేరి యుండును. ఒక్క పరీక్షనే, ఒక్క మాటనే కారణముగ చెప్పరాదు. అయినను ఆ దినమున ఇంటిలో వినబడు మొదటి మాట విలువ కొలువరానిది.

తప్పిన పిల్లవానికి తన తప్పు తెలియును. దానిని మరల చెప్పవలసిన పని లేదు. పొరుగింటివాని మార్కులను, కట్టిన ఫీజును ఆ దినమున ఎత్తరాదు. "ముందు ఇంటికి రా నాన్నా. అన్నం తిందాం. మాకు నువ్వు ముఖ్యం, మిగతాది తరవాత చూద్దాం" అని తండ్రియే స్వయముగ అనవలెను. ఈ మాటను తల్లిద్వారా కబురు పంపినచో సగము బలము తగ్గును. ఏలయనగా పిల్లవాడు భయపడునది తండ్రి ముఖమును చూచియే. సప్లిమెంటరీ పరీక్ష, మరియొక కోర్సు మొదలగు ఉపాయములను గూర్చిన చర్చ రెండు దినములు ఆగవచ్చును.

పిల్లలు మాట తగ్గించి, తిండి నిద్ర మాని, తాము భారమైతిమని గాని బ్రతికి లాభము లేదని గాని అనినచో, "ఊరక అంటున్నాడు" అని త్రోసివేయరాదు. చచ్చిపోవలెనని అనిపించుచున్నదా యని మెల్లగా, సూటిగా అడుగవచ్చును. అడిగినచో లేని తలంపు పుట్టునను భయము నిరాధారము; అడిగినవారు దొరికినందులకే మనస్సు కొంత తేలికపడును. అట్టివారిని ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 అను నంబరుపై రేయింబవళ్లు తెలుగులోను లభించును, ఖర్చు లేదు. మమతాపూర్వకమైన మాట వైద్యమునకు తోడగును గాని దానికి బదులు కాజాలదు.

స్నేహితుని చిన్న ఉత్తరము

ప్రత్యుత్తరము కోరని మాటకు ఎంత శక్తి గలదో తెలుపు పరిశోధన యొకటి గలదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జెరోమ్ మోటో అను మానసిక వైద్యుడు 1969లో దానిని ఆరంభించెను. తీవ్రమైన నిరాశతో ఆస్పత్రిలో చేరి విడుదలయైన పిదప చికిత్స కొనసాగింప నిరాకరించినవారు 843 మంది. వారిని అదృష్టవశమున రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఐదేండ్లలో 24 చిన్న ఉత్తరములు వ్రాయించిరి. మొదట నెలకొకటి, తరువాత రెండు నెలల కొకటి, ఆపై మూడు నెలల కొకటి. ఆస్పత్రిలో వారితో మాటలాడిన వ్యక్తియే వ్రాయవలెను. రెండు మూడు వాక్యములే. మీరు బాగుందురని తలచుచున్నాము, వ్రాయదలచినచో సంతోషము, అంతే. చికిత్సకు రమ్మని గాని, మందు వేసికొనుమని గాని అం దుండరాదు. ఉత్తరములు అందినవారిలో మొదటి రెండేండ్లును ఆత్మహత్యలు స్పష్టముగా తక్కువయ్యెను. తరువాత ఇతర దేశములలో జరిగిన ఇట్టి ప్రయత్నముల ఫలములన్నియు ఒక్క తీరున లేవు. అయినను ఇంత తక్కువ ఖర్చుతో ఇంతటి మేలు చూపిన పని వైద్యశాస్త్రమున అరుదు.

స్నేహితులు దీనిని వైద్యులకంటె సులభముగా చేయగలరు. భార్యను పోగొట్టుకొన్న మిత్రుని ఇంటికి పదవ దినము వరకు అందరును పోవుదురు. మూడవ నెలలో పోవువారు తక్కువ. "ఒరేయ్, ఊరికే గుర్తొచ్చి చేశాను" అను ఫోను ఆ మూడవ నెలలోనే కావలెను. "ఏమైనా కావాలంటే చెప్పు" అను మాట మంచిదే గాని అది భారమును దుఃఖితునిపైననే మోపును. "ఆదివారం వస్తాను, ఇద్దరం కలిసి భోంచేద్దాం" అనుట మేలు.

రోగి యున్న ఇంట

మనోవ్యాధి నయమై ఇంటికి వచ్చినవారికి మరల వ్యాధి తిరుగబెట్టుట ఇంటివారి మాట తీరుతో ముడిపడి యుండునని లండన్ నగరమున జార్జి బ్రౌన్, అతని సహచరులు 1950వ దశకమునుండి పరిశోధించి కనుగొనిరి. వారు బంధువులతో గంటల తరబడి మాటలాడి, రోగిని గూర్చి ఎన్ని నిందావాక్యములు పలికిరో లెక్కించిరి. కంఠస్వరమును బట్టి ఆప్యాయతను అంచనా వేసిరి. తీవ్రమైన నిందయు, ద్వేషమును గల ఇండ్లలో వ్యాధి తిరుగబెట్టుట అధికము. ఇదే పద్ధతిని మన దేశమున చండీగఢ్‌లో అనుసరింపగా, 1987లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, అట్టి ఇండ్లు లండన్‌తో పోల్చినచో చాల తక్కువగా నుండెను. ఇది మన కుటుంబములకు గర్వకారణమే.

అయితే ఆ పరిశోధకులు హానికరమని గుర్తించిన మరియొక లక్షణము గలదు: మితిమీరిన ఆరాటము. "నీ కోసమే నా ప్రాణం పోతోంది" అని ఎదుట ఏడ్చుట, ముప్పదియేండ్ల కుమారునకు ముద్దలు కలిపి పెట్టుట, అడుగు తీసి అడుగు పెట్టనీయకుండుట, ఇవి ప్రేమవలననే పుట్టినను రోగికి బరువగును. "ఈ పూట నువ్వే లేచి స్నానం చేశావు, నాకు సంతోషంగా ఉంది" అను శాంతమైన ఒక్క వాక్యము నూరు కన్నీటి చుక్కలకంటె మేలు చేయును.

బాలింత విషయమును ఇచటనే చెప్పదగును. ప్రసవమైన పిదప కొందరు స్త్రీలకు కుంగుబాటు కలుగును. ఇంటిల్లిపాదియు బిడ్డనే చూచు ఆ వారములలో భర్త ఆమె ప్రక్కన కూర్చుండి, "బిడ్డ సంగతి సరే, నువ్వు ఎలా ఉన్నావు? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుట చిన్న విషయముగా తోచవచ్చును, ఆమెకు కాదు. దిగులు రెండు వారములు దాటి నిలిచినచో ఆశా కార్యకర్తకో డాక్టరుకో తెలుపవలెను.

దూరముననున్నవారు

ఒకప్పటి ఉత్తరములకు ఒక కట్టుబాటు ఉండెడిది. చిరంజీవిని ఆశీర్వదించి వ్రాయునది యని మొదలిడి, ఉభయకుశలోపరి యని తెలిపి, ఆ తరువాతనే అప్పుల సంగతియో వానల సంగతియో ఎత్తుకొనెడివారు. ఎంత కోపిష్ఠియైన తండ్రియైనను పోస్టుకార్డు వ్రాయునపుడు దీవించి తీరవలసినదే! పాత మనియార్డరు ఫారము అడుగునను వార్త వ్రాయుటకు కొంచెము చోటుండెడిది. డబ్బుతోపాటు ఆ రెండు పంక్తులును ఊరు చేరెడివి. నేడు డబ్బు క్షణములో చేరును, వెంట మాట రాదు.

కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు కూలికి పోయినవారును, కోస్తా జిల్లాలనుండి అమెరికాకు ఉద్యోగమునకు పోయినవారును ఇండ్లకు సందేశములు పంపుచునే యున్నారు. అయితే వ్రాసిన సందేశమును, వినిన కంఠమును సమానములు కావు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 2010లో 61 మంది బాలికలను అపరిచితుల ఎదుట ఉపన్యసింపజేసి, లెక్కలు చేయించి, కలతపెట్టిరి. పిదప కొందరిని తల్లి కౌగిలించుకొనెను. కొందరితో ఫోనులో మాత్రమే మాటలాడెను. ఫోనులో తల్లి గొంతు విన్న బాలికలకును, కౌగిలి దొరికిన బాలికలకు వలెనే, కలతను సూచించు కార్టిసాల్ తగ్గి, ఆత్మీయతకు సంబంధించిన ఆక్సిటోసిన్ హెచ్చెను. 2012లో వారే ప్రకటించిన మరియొక పరీక్షలో, తల్లినుండి వ్రాత సందేశములు మాత్రమే అందిన బాలికలలో ఆ మార్పు కానరాలేదు. కావున వారమునకు ఒకసారియైన, డబ్బు లెక్కలు కాని మాటకై, కంఠము వినిపించుట అవసరము.

వృద్ధులతో మాటలాడునపుడు ఒక చిన్న మెళకువ. వినికిడి తగ్గినవారితో వెనుకనుండి అరచినచో అది కసరుకొన్నట్లు వినబడును. ఎదుటికి వచ్చి, ముఖము కనబడునట్లు కూర్చుండి, మెల్లగా, స్పష్టముగా పలుకవలెను. మతిమరుపు వ్యాధి గలవారు తమ కుమారుని పేరు మరచిపోవచ్చును. అయినను గొంతులోని ఆప్యాయతను చాలకాలము గుర్తింతురు. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షించుటకంటె, "అమ్మా, నేను నీ చిన్నకొడుకుని, నిన్ను చూడటానికి వచ్చాను" అని తానే చెప్పుట దయ.

అవసానకాలమున చెప్పుకొనవలసిన మాటలు నాలుగని, మరణాసన్నుల సేవలో పెక్కేండ్లు గడపిన అమెరికా వైద్యుడు ఐరా బయాక్ 2004లో ఒక గ్రంథమున వ్రాసెను: క్షమాపణ కోరుట, క్షమించుట, కృతజ్ఞత, ప్రేమ. స్పృహ లేదు గదా, ఇక చెప్పి ఏమి లాభమని బంధువులు ఐ.సి.యు. వాకిట నిలిచి యుందురు. కెనడాలోని వాంకూవరు నగరమున 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మరణమునకు కొన్ని గంటల ముందు పలుకుటయు కదలుటయు మానిన రోగుల మెదడును యంత్రముతో పరీక్షింపగా, వారిలో కొందరి మెదడు శబ్దములకు ఆరోగ్యవంతుల మెదడు వలెనే స్పందించెను. వినిన దానిని వారు గ్రహించుచున్నారో లేదో ఆ పరీక్ష చెప్పజాలదు. అయినను అనుభవజ్ఞులైన నర్సులు బంధువులను లోనికి పిలిచి, చేయి పట్టుకొని, చెవి దగ్గరకు వంగి, వరుస పెట్టి పిలిచి, చెప్పదలచినది చెప్పుమనియే అందురు.